ఫుట్‌పాత్ లీడరు

వీధి వైపు గది. తల్లి స్కూలు యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. కూతురు నేల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో లాప్‌టాప్.

"...మూడూ ఉండాలమ్మా. ఒక్క రీసెర్చ్ చాలదు. లీడర్‌షిప్ ఉండాలి, కమ్యూనిటీ ఇన్వాల్వ్‌మెంట్ ఉండాలి. అప్పుడే ఆ సైన్సు కాలేజీలో సీటు."

"అన్నం తినడం ఉండాలని రాయలేదా అందులో?"

"అమ్మా."

"అడిగాను, అంతే. పొద్దుట్నుంచి పస్తుండి లీడరైనవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు. ఉన్న లీడర్లంతా శుభ్రంగా తింటున్నారు."

"రేపు నా ప్రాజెక్టు పోటీ ఫైనల్సమ్మా! అది గెలిస్తే సీటు వచ్చినట్టే. పోటీ జడ్జీలు ఇద్దరొస్తారు. వీధంతా చూస్తారు. వీధిలో వాళ్ళతో మాట్లాడతారు."

"మాట్లాడ్డం ఎందుకు? చూసి వెళ్ళొచ్చుగా."

"ఎందుకేంటి? ఫుట్‌పాత్ మీద సామాన్లు ఎందుకు తీసేశారని అడుగుతారు. టైలర్ మావయ్యని, కిరాణా తాతయ్యని, మెకానిక్ అన్నయ్యని..."

"టైలర్ని వద్దని చెప్పు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

"నానకపోతేనే మంచిది. ఉన్నదున్నట్టు చెప్తాడు."

"అదేగా నా భయం."

"ఏమన్నావ్?"

"ఏమీ అన్లేదు."

"అమ్మా, చొక్కా కాలుతోంది!"

"కాల్లేదు. కాస్త పొగొచ్చింది. నువ్వు నీ రీసెర్చ్ చదువుకో."

"విను మరి. రేపు ఇదే చెప్పాలి. 'ఫుట్‌పాత్ ఉండగా మా వీధి జనం రోడ్డు మీద ఎందుకు నడుస్తున్నారు?' ఇదీ ప్రశ్న."

"ఫుట్‌పాత్ మీద టైలర్ కుట్టుమిషన్ నడుస్తోంది గనక. దీనికి రీసెర్చ్ ఎందుకే? కళ్ళుంటే చాలదూ?"

"కళ్ళు అందరికీ ఉన్నాయి. ఒక్కరైనా తీశారా? నేను ఇల్లిల్లూ తిరిగి సర్వే చేశాను. మీటింగ్ పెట్టాను. మాట్లాడాను. వారం తిరక్కుండా అందరూ వాళ్ళంతట వాళ్ళే తీసేశారు. మిషను, బియ్యం బస్తాలు, టైర్లు, అన్నీ. దాన్నే లీడర్‌షిప్ అంటారు."

"నీ మీటింగ్‌కి ఎంతమంది వచ్చారన్నావ్?"

"...నలుగురు."

"నాతో కలిపా?"

"నీతో కలిపే."

"మెకానిక్‌తో కూడానా? వాడు కుర్చీలు పట్టుకెళ్ళడానికి కదూ వచ్చింది?"

"అయినా మాట పాకిందమ్మా. జనంలోకి వెళ్ళింది."

"పాకింది తల్లీ. బ్రహ్మాండంగా పాకింది."

"ఎందుకా నవ్వు?"

"నవ్వెక్కడిది? ఇస్త్రీపెట్టె బరువుకి మొహం అలా అవుతుంది."

"చెల్లెమ్మా! ఉన్నావా?"

"అమ్మా, టైలర్ మావయ్య."

"నేను లేనని చెప్పు."

"కిటికీలోంచి కనిపిస్తున్నావమ్మా. రా మావయ్యా, తలుపు తీసే ఉంది."

"నీకోసమే వచ్చాను పాపా. ఒక్క మాట చెప్పు. సర్వే వాళ్ళు పొద్దున్నే వస్తారా, మధ్యాహ్నం వస్తారా? ఆ టైముకి ఇంటి దగ్గర ఉండాలి కదా."

"సర్వే వాళ్ళెవరు? సర్వే అయిపోయిందిగా మావయ్యా. నేనే చేశాను."

"నువ్వు చేసింది ముందస్తుది కదమ్మా. అసలువాళ్ళు టేపులు పట్టుకుని వెనకాల వస్తారట కదా, రోడ్డు వెడల్పు చేయడానికి? ఫుట్‌పాత్ మీద సామాను ఎవరిదుంటే వాళ్ళ గోడ కూడా కూలగొడతారట కదా?"

"ఎవరు చెప్పారు?"

"మెకానిక్."

"మెకానిక్ అన్నయ్యకెవరు చెప్పారు?"

"కిరాణా ఆయన."

"ఆయనకి?"

"ఆయనకి... అంటే... మీ ఇంట్లోంచే కదమ్మా మాట బయటికొచ్చింది."

"అన్నయ్యా, మంచినీళ్ళు తాగుతావా?"

"అమ్మా!"

"నన్నంటావేం? ఉల్లిపాయలు కొంటూ, మా అమ్మాయి సర్వే చేస్తోందండీ, నాకు భయంగా ఉందండీ అన్నాను. నాకు భయంగా లేనిదేదన్నా ఉందా? ఏం సర్వే అన్నాడు. ఎవరి సామాను ఎంత బయటికుందో కొలుచుకుంటోందన్నాను. అబద్ధమా?"

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమవుతుందమ్మా అన్నాడు. తలుచుకుంటేనే నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదన్నాను. అంతే. చదువులేనిదాన్ని, నాకేం తెలుస్తుంది?"

"అంటే... నా మాట విని ఎవరూ తీయలేదన్నమాట."

"అయ్యో, నీ మాటా విన్నాం పాపా. ఆ రోజు మీటింగ్‌లో ఎంత బాగా మాట్లాడావని!"

"నువ్వు మీటింగ్‌కి రాలేదు మావయ్యా."

"బయట్నుంచి విన్నా."

"సరే, ఇప్పుడు విను. ఎవరూ కొలవరు. ఎవరూ కూలగొట్టరు. అది స్కూలు సర్వే."

"నోర్ముయ్యవే! నీ సీటు..."

"అబద్ధం మీద వచ్చే సీటు నాకెందుకమ్మా?"

"ఆగండాగండి. కూలగొట్టరా?"

"కూలగొట్టరు."

"గోడ?"

"గోడా కూలగొట్టరు, రేకూ పీకరు."

"చచ్చినవాణ్ణి బతికించావు పాపా! వారం నుంచి మంచమూ మిషనూ ఒకే గదిలో ఉన్నాయి. మా ఆవిడ నిద్రలో పెడల్ తొక్కుతోంది. ఇదిగో, ఇప్పుడే వెళ్ళి అందరికీ చెప్తా. పొద్దుగూకేలోపు ఎక్కడివక్కడ బయటికొచ్చేస్తాయి."

"మావయ్యా, తీసినవి తీసినట్టే ఉంచొచ్చుగా? ఇప్పుడు పిల్లలు దాని మీదే నడుస్తున్నారు. ముసలివాళ్ళు నడుస్తున్నారు."

"నడవనీ, ఎవరొద్దన్నారు? మిషన్ చుట్టూ తిరిగి నడుస్తారు."

"చుట్టూ తిరిగితే రోడ్డే. లారీలొచ్చే రోడ్డు."

"ఇన్నాళ్ళూ నడవలేదా తల్లీ? అలవాటేగా. వస్తా చెల్లెమ్మా."

"వెళ్ళు అన్నయ్యా, వెళ్ళు. తొందరేం లేదులే, నీళ్ళు తాగి వెళ్ళు. ఎలాగూ రేపు జడ్జీలు వస్తారు."

"ఎవరు?"

"జడ్జీలు."

"జడ్జీలా?"

"ఇద్దరట."

"జడ్జీలకి మన వీధిలో ఏం పని చెల్లెమ్మా?"

"నాకేం తెలుసన్నయ్యా, చదువులేనిదాన్ని. వీధంతా చూస్తారట. గడప గడపకీ వెళ్ళి, ఎందుకు పెట్టావు, ఎందుకు తీశావు అని అడుగుతారట. అమ్మాయినే అడుగు. అది అబద్ధం చెప్పదు. ఇప్పుడే చూశావుగా."

"పాపా? నిజంగా జడ్జీలు వస్తున్నారా?"

"వస్తున్నారు. కానీ మావయ్యా, వాళ్ళు..."

"చాలు! చాలమ్మా! ఇంకేం చెప్పకు, వింటే నేనూ సాక్షినవుతాను. ఒరేయ్ మెకానిక్కూ! ఆ టైరు బయటపెట్టావంటే చూడు! లోపలికి దొర్లించు! లోపలికిరా!"

"మావయ్యా! ఆగు! ...వెళ్ళిపోయాడు."

"నీళ్ళు కూడా తాగలేదు, పాపం."

"అమ్మా."

"ఊఁ."

"పోటీ జడ్జీలని నీకిందాకే చెప్పాను."

"చెప్పావా? ఇంగ్లీషు మాటలు నాకు గుర్తుండవే."

"ఇటు చూడు. చొక్కా వైపు కాదు, నా వైపు. జడ్జీ అంటే ఎవరో తెలిసినదానివి, సర్వే అంటే ఏంటో తెలీదా? కిరాణా కొట్లో నోరు జారిందా, జార్చావా?"

"కాలర్ చూడు, కత్తిలా వచ్చింది. ఒకసారి వేసుకో."

"రేపు వాళ్ళకి అంతా చెప్పేస్తా. వీధిని కదిలించింది నేను కాదు, మా అమ్మ పుట్టించిన పుకారు అని చెప్పేస్తా. సీటు పోతే పోయింది."

"చెప్పు."

"కోపం రాదా?"

"ఎందుకు? సీటు పోతే ఇంకో ఏడు చూద్దాం. చెప్పడానికి నువ్వుండాలి కదా ముందు."

"ఏంటమ్మా ఆ మాటలు? పుకారు పుట్టించడం తప్పని నీకు తెలీదా?"

"తెలుసే. నువ్వు బడి నుంచి వచ్చేదాకా రోజూ ఈ కిటికీ దగ్గరే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడతాను. లారీ హారన్ మోగితే నా గుండె ఆగుతుంది. వీధిలో వాళ్ళందరూ హాయిగా ఉన్నారు, భయమంతా నాకొక్కదానికే. ఎంతకాలమని ఒక్కదాన్నే మొయ్యను? తలా కాస్త పంచాను."