కపిల బాన కట్టిన పెండ్లికారు

ఏమప్పా చిన్న ఈరన్నా, పొద్దన్నుంచి ఆ కారు కడుపులో తల పెట్టుకోనుండావే, ఏం పోగొట్టుకున్న్యావు? పాటపెట్టెనా. ఉన్నది చాలక పెద్దది బిగిస్తాండావా. దుడ్లు చాలక పాత సామాను తెచ్చినావా, దానికి సిగ్గెందుకులే, మీ వంశంలోనే ఉండాది ఆ జబ్బు. మీ ముత్తాత పెద్ద ఈరన్న, అంటే నా మేనమామ, ఆయప్ప చేసినదాని ముందర నువ్వు చేసేది ఒక పనా. రా, ఈ అరుగుమీద కూర్చో.

నాకు నాయన లేడు, మామే సాకినాడు. బద్వేలు తట్టు సమ్మందం కుదిరె. అంతా మాట్లాడుకున్న్యాక పెండ్లికొడుకు తల్లి, మా అత్త కృష్ణవేణమ్మ ఒక మాట ఏసె. "మా పెద్దోని పెండ్లికి మైకుసెట్టు కారు పాడతా వచ్చింది. చిన్నోనికీ పాడే కారు రావల్ల. మూగకారు వస్తే నా కొడుకు ఎక్కడు, నడిచే వస్తాడు." మామ మీసం దువ్వి, "నా కారు పాడకపోతే నా పిల్లను నేను ఎనక్కి పిల్చుకపోతా" అనె. అన్న్యాడు గానీ, మైకుసెట్టాయన బాడుగ చెప్పంగానే చెంబెడు నీళ్ళు అడిగి తాగినాడంట. చెంబెడేంది, కాగెడు. అంత బాడుగ యాడ పెడతాడు పాపం.

మామకు సొంత కారుండె, దొరలు వదిలిపోయింది. కదలల్లంటే ఇద్దరు తొయ్యల్ల, నిలబడల్లంటే నలుగురు పట్టుకోవల్ల. దాంట్లో కీ ఇచ్చే గ్రామఫోను పెట్టి చూసినాడు. అప్పటి దోవలు నీకు తెలీదు, ఒక్కొక్క గుంతలో ఎనుము దాక్కోవచ్చు. గుంతకొకసారి ముల్లు ఎగిరి పడె, పెండ్లి మొదలుగాకముందే మంగళారతి వచ్చె. మామ మూడురోజులు అన్నం ముట్టల్యా. ముట్టినాడులే, రెండు ముద్దలు తక్కువ తిన్న్యాడు. నాలుగోరోజు మా తమ్ముడు చిన్నప్పుడు ఊగిన కోక ఉయ్యాల తెచ్చి కారులోపల టాపుకు కట్టి, గ్రామఫోనును పసిబిడ్డ మాదిరి పండబెట్టె. ఇంగ కారు ఎంత ఎగిరినా ముల్లు కదలల్యా. ఆఁ, బయటికి వినపడల్ల గదా, అదీ చెప్తాండా. బాయికాడికి పోయి కపిల బాన ఊడదీసుకొనొచ్చె. నువ్వు చూసుండవు. ఎద్దులతో నీళ్ళు లాగే ఇనుప బాన, దాని అడుగున ఏనుగు తొండం మాదిరి తోలుగొట్టం. బాన కారు నెత్తిన కట్టి, తొండం కిటికీలోనించి లోపలికి దించి గ్రామఫోను మూతికి తగిలిచ్చె. కీ తిప్పితే శ్రీశైలంలో మల్లన్న ఉలిక్కిపడి లేసింటాడు.

పొద్దు మునిగేలోపల అత్తగారిల్లు చేరల్లని మిట్టమద్యాన్నమే బయల్దేరితిమి. కారు తోలేది మామ స్నేహితుడు ఏసేపు. ఎనక నేనూ మా ఆయనా, మద్దెలో ఉయ్యాల, ముందర సీట్లో ఎనక్కి తిరిగి కీ తిప్పుతా మామ. కారెనక ఎద్దులబండ్లో మా అత్త, కారు నడకా బండి నడకా ఒకటే. ఊరు దాటతాంటే గిడ్డమ్మ అని ఒక ముసల్ది కిటికీలో తలకాయి పెట్టె. "ఏందమ్మా, ఈ పొద్దే తాళి కట్టిరి, ఈ పొద్దే ఉయ్యాలా? మగబిడ్డా, ఆడబిడ్డా?" మా ఆయన అప్పుడు దించిన మొగం మళ్ళ మూణ్నెల్లకు ఎత్తినాడు.

వాళ్ళూరి పొలిమేర కనపడింది. మిద్దెల మీద జనం, చూస్తే లచ్చమంది. సరిగ్గా ఆడికి పోంగానే పాట నిలిచిపోయె. మన ఎండ సంగతి తెలిసిందే గదా, పాట ప్లేటు కాగి అప్పడం మాదిరి ముడుచుకుండె. ఇంకోటి లేదు. ఎనక బండ్లోనించి అత్త, "ఏమప్పా, కారు మూగపోయిందే" అనె. మా ఆయన చెప్పుల్లోకి కాళ్ళు దూరుస్తాండాడు, దిగి నడవాలని. నాకు కండ్లల్లో నీళ్ళు. మామ నా మొగం చూసె, తొండం పీకి తన మూతికి పెట్టుకొనె. ఆయప్పకు పాటలేమొచ్చు? చిన్నప్పట్నించి కపిల తోలి ఎద్దులకు పాడిన పాటే. అదే ఎత్తుకొనె. బానలోనించి వస్తాంటే ఏ కచ్చేరీ పనికొస్తాది. మా ఆయన చెప్పులు వదిలిపెట్టి సర్దుకొని కూర్చొనె.

అయితే ఒకటి మర్చిపోయినాడు. కపిల ఎద్దులు పాట ఎత్తుకుంటే ముందుకు దిగి నీళ్ళు లాగుతాయి. పాట దించి "ఎనక్కి బసవా" అంటే మొగం తిప్పకుండానే ఎనకడుగేస్తాయి. అత్త బండికి కట్టినవి బాయి ఎద్దులే. మామ పాట ఎత్తితే బండి ముందుకు, దించితే ఎనక్కి. పది బారలు పోవడం, పది బారలు రావడం. మేము వాకిట్లో దిగి గంటసేపు నిలబడితిమి, మామ కారు దిగకుండా పాడతానే ఉండె, హారతిచ్చే అత్త వస్తే గదా. ఏసేపు సంగతి కనిపెట్టి, పరిగెత్తి వచ్చి మామ నోరు మూసినాక అత్త ఇల్లు చేరె. వచ్చి, మామను కిందికీ మీదికీ చూసి, "ఈరన్నా, ఈ ప్లేటు మా ఎద్దులు గూడా విన్న్యట్టుండాయే" అనె. అని హారతిపళ్ళెం పక్కన పెట్టి, కడుపు పట్టుకొని నవ్వె. నవ్వుకుంటానే నాకు హారతిచ్చె.

మామకు తొమ్మిది రోజులు గొంతు లేదు. ఇప్పుడు ఆ మనిషే లేడు, ఎద్దులూ లేవు. బాన మాత్రం ఎద్దులు కట్టేస్తాండిన మా గాటిపాట్లో ఉండాది. మొన్న ఎవురూ లేనప్పుడు నేనూ దాంట్లో మూతి పెట్టి ఆ పాట...

కావల్లంటే నీ కారుకు ఎత్తుకపో. ఈ పొద్దు గాదులే, దాంట్లో కోడిని పొదగేసినా.