ఇరవై మోటర్లను లిస్టుల కూసుండబెట్టిన మహేందర్

చిట్యాలల నర్సమ్మ చాయ్ దుకాణంల మహేందర్ నోరు తెరిచిండంటే చాయ్ చల్లారినా ఎవ్వరు లేవరు. కాని ఆ పొద్దు ఆయన కోతలు ఉత్త ముచ్చటకు కాదు. కంప్యూటర్ క్లాసు పెట్టి నెల దాటింది, ఒక్కరు చేరలే. ఇయ్యాల తండా నుంచి మాన్‌సింగ్ వచ్చి, పాలిటెక్నిక్ చదివే బిడ్డ గోరీని ఈ సారు దగ్గర చేర్పియ్యాల్నా వద్దా అని, ఆమెను గూడ ఎంటబెట్టుకొని ఎదురుంగ కూసున్నడు. గోరీ చేరితె తండా పిల్లలంత ఎన్కనే వస్తరు. లేకుంటె క్లాసుకు తాళమే.

"మాన్‌సింగన్నా, నీ బాయికాడి మోటరుకు సిమ్ము పెట్టినవ్ గద. ఇంట్ల కూసొని ఫోన్ కొడ్తె నడుస్తదా లేదా?"

"కరెంటుంటె నడుస్తది."

"గంతే! ప్రోగ్రాంల పని చేసే ముక్కను ఫంక్షన్ అంటరు, అది మోటరనుకో. అది ఏడున్నదో చెప్పే అడ్రసు పాయింటర్, అది నీ ఫోన్‌ల ఉన్న మోటరు నెంబరు. రెండిటి టైపు వేరు. మా ఊరోళ్లు ఇరవై మోటర్లకు ఒక్కటే ప్రోగ్రాం రాయమన్నరు. ఇరవై పాయింటర్లను ఒక లిస్టుల పెట్టి సి భాషల రాసిన, నడిచింది."

మాన్‌సింగ్ తలూపిండు. అక్కడికి ఆపితె అయిపోతుండె. మహేందర్ ఆపుతడా?

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఉత్త నెంబర్లతోని నాకేం పని అని, లిస్టుల నుంచి పాయింటర్లన్ని పీకేసి, ఇరవై ఫంక్షన్లను, సాంతం ఫంక్షన్లనే, వరుసగ కూసుండబెట్టిన!"

గోరీ చాయ్ తాగుడు ఆపింది. మహేందర్ చూడలే.

"ల్యాప్‌టాప్ బరువెక్కి టేబుల్ కాళ్లు వంగినయ్. నలుగురం పట్టి కింద దించినం."

"కాటా మీద జోకినవా?" అన్నది నర్సమ్మ.

"జోకేటందుకు టైమేది అక్కా! బటన్ ఒత్తిన, ఇరవై మోటర్లు ఒక్కపారి లేచినయ్. బాయిలల్ల నీళ్లైపోయినా ఆగుతయా, ఏడనో దూరాన ఉన్న లింగాల ఘనపూర్ బోర్లల్ల నీళ్లు గుంజుకొచ్చినయ్. ఇంకో మూల కురవిల ఓ అవ్వ బాయిల బొక్కెన ఏస్తె, తాడుతోని సహా మా పొలంల తేలింది. కరెంటు పోయింది, అయినా మోటర్లు ఆగలే! ఎందుకాగుతయ్, ఫంక్షన్లు లిస్టులనే ఉన్నయ్ గద!"

మాన్‌సింగ్ కడుపు పట్టుకొని నవ్విండు. "సరే సారూ, రేపటి సంది పంపిస్త."

మహేందర్ పానం లేచొచ్చింది. అప్పుడే గోరీ గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, సి భాషల ఫంక్షన్ల లిస్టు ఉండదు. ఫంక్షన్ల పాయింటర్ల లిస్టే ఉంటది. నువ్వు చెప్పిన లైను కాడనే, మనం రాసిందాన్ని మిషన్ భాషలకు మార్చే కంపైలర్ తప్పని ఆపుతది. ల్యాప్‌టాప్ బరువెక్కుడు తర్వాత సంగతి, ముందు ఆ ప్రోగ్రామే తయారు కాదు."

"నా కంపైలర్ వేరే చెల్లె..."

"దాని పేరేంది?"

మహేందర్ ఖాళీ చాయ్ గ్లాసు నోటికెత్తుకున్నడు. బెంచీల మీదోళ్లంత ఒక్కటే నవ్వుడు. మహేందర్‌కు సిగ్గుతోని చెవులు కాలినయ్. నిజం చెప్పాలంటె ఆ మొదటి ప్రోగ్రాం గూడ ఎవరో రాసి నెట్ల పెట్టిందే.

"నాకు ఆ పాఠం సగమే అర్థమైంది చెల్లె," అన్నడు మెల్లగ.

మాన్‌సింగ్ లేచిండు. "పా బిడ్డా, పోదాం."

గోరీ కదలలే. "క్లాసు ఎన్ని గంటలకన్నా?"

"పొద్దుగాల ఆరింటికి."

"రేపు తండా పిల్లల్ని తోలుకొస్త. పాఠం నేను చెప్త, నువ్వు ముందు బెంచీల కూసొని రాసుకో."