వెల్లుల్లి వాసన

ఒసాకాలో మా కొరియా వాళ్ళ బజారులో, ఒక ఆదివారం పొద్దున్నే మా పక్క కిమ్చి పచ్చళ్ళ కొట్టు షట్టరు దబ్బున కిందకి పడింది. లోపల మామ్మా మనవరాలూ ఒకటే అరుపులు. మధ్య గోడ పలచన కదా, నా చెవులకి పని పడింది.

“మామ్మా, షట్టరెందుకు దించేశావ్? తియ్, తియ్!”

“నోర్మూసుకో. బయట జపాను వాళ్ళు వీధి పొడవునా నిలబడ్డారు.”

“నిలబడరా మరి? నీ కిమ్చి కోసమే!”

“నాకు చెప్పకు. నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడూ ఇలాగే వచ్చారు. వెల్లుల్లి కంపు భరించలేం, జాడీలు ఎత్తేయండని మీ తాత మీద పడ్డారు.”

“అయ్యో మామ్మా, వీళ్ళు నాకంటే చిన్నపిల్లలు! కొరియా సీరియళ్ళు చూసి, ఆ రుచి కావాలని రైలెక్కి వచ్చారు. నువ్వు క్యాబేజీకి కారం పట్టిస్తుంటే నేను తీసిన వీడియో కూడా చూశారు.”

“ఈ ఎర్రటి చేతులు చూశారా?”

“చూసే, ఆ మామ్మే తన చేత్తో మా నోట్లో పెడితే తింటామంటున్నారు! ఇవాళ కూడా బేరాల్లేకపోతే నాన్న ఈ కొట్టు మొహానికి రాసుకునే క్రీములూ పౌడర్లూ అమ్మేవాళ్ళకి ఇచ్చేస్తాడు, తెలుసుగా?”

“ముక్కు మూసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో సందులోంచి చూడు.”

“ఒక్కరూ లేరు. ఒకమ్మాయైతే కళ్ళు మూసుకుని వాసన పీలుస్తోంది!”

“అయితే చూస్తావేం, తియ్యవే షట్టరు! ఆ జాడీల మూతలన్నీ ఊడబీకు. వాసన స్టేషను దాకా కొట్టాలి!”