షికాగో వెళ్లొచ్చిన రోడ్‌స్టర్

అర్జున్, ఇషా, ఈ కథ మీరు వినలేదు. అది జరిగిన రోజు అర్జున్‌కి నాలుగేళ్లు, బేస్‌మెంట్‌లో కార్టూన్లు చూస్తూ నిద్రపోయాడు. ఇషా ఇంకా పుట్టలేదు, నాకు ఏడో నెల. డెట్రాయిట్ పక్కన నోవైలో మన ఇంటికి రెండిళ్ల అవతల ఉండే లక్ష్మీపతి అంకుల్ మీకు తెలుసు గానీ, ఆయన షెడ్డులోని ఎర్ర కారు షికాగో ఎలా వెళ్లొచ్చిందో తెలియదు. ఆయన చెప్పింది ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. నేను చూసింది చూసినంత వరకే రాస్తున్నాను. రెండూ కలిపేయకండి.

అది 2009 అక్టోబరు, ఒక శనివారం మధ్యాహ్నం. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయన ఉద్యోగం పోయింది. ఇరవై ఏడేళ్లు కార్లకి బ్రేకులు డిజైన్ చేసిన మనిషి. మర్నాటి నుంచే పొద్దున ఎనిమిదింటికి చొక్కా టక్ చేసుకుని, ఆయన భార్య జ్ఞానప్రసూన ఆంటీ కట్టిన లంచ్ బాక్సు పట్టుకుని, పెరట్లో ఉన్న షెడ్డుకి వెళ్లేవారు. ఐదింటికి ఇంట్లోకి వచ్చేవారు. షెడ్డులో ఉన్నది 1932 నాటి ఫోర్డ్ రోడ్‌స్టర్, పైకప్పు లేని రెండు సీట్ల కారు. పూర్వం ఇక్కడి కుర్రాళ్లు అలాంటివాటికి మడ్‌గార్డులు పీకేసి, పెద్ద ఇంజన్ ఎక్కించి, బాడీని నేలకి ఆనేలా దించి, హాట్ రాడ్ అనేవాళ్లట. ఆయన దాన్ని ఎనిమిదేళ్లుగా కడుతున్నారు.

ఆ వారం కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. నడవని బండిని పెరట్లో ఉంచకూడదు. నడుస్తుందంటే, నడవగా కళ్లారా చూశామని రెండిళ్లవాళ్లు సోమవారంలోగా సంతకాలు పెట్టివ్వాలి. లేదంటే తుక్కు ట్రక్కు వచ్చి ఎత్తుకుపోతుంది. అందుకే మమ్మల్ని టీకి పిలిచారు, నన్నూ మీ నాన్ననీ, ఆయన ఎదురింట్లో ఉండే శ్యామ్‌సుందర్ అంకుల్‌నీ. షెడ్డులోనే కుర్చీలు వేశారు. టీ ట్రే పక్కన రెండు కాగితాలు, పెన్నుతో సహా సిద్ధంగా ఉన్నాయి. నేను పెన్ను ముట్టుకోలేదు. అప్పుడు మన గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తోంది, చూడనిది చూశానని రాస్తే అది ఎక్కడెక్కడికి పోయి ఎప్పుడు మన మెడకి చుట్టుకుంటుందోనని నా భయం.

"ఇది నడవగా నేను చూడలేదండీ" అన్నాను.

"చూడకపోతే వినండమ్మా. సరిగ్గా వింటే చూసినట్టే ఉంటుంది" అని ఆయన మొదలుపెట్టారు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసు. హోవెల్ ఊరి అవతల ఒక రైతు కొట్టంలో దొరికింది ఈ బాడీ. ఒళ్లంతా తుప్పు. మూడు శీతాకాలాలు కూర్చుని చేత్తో గీకాను, అంతే, అందులో విశేషం ఏమీ లేదు, ఓపిక ఉంటే ఎవరైనా చేస్తారు. కాకపోతే గీకిన తుప్పు పారబొయ్యడానికి మనసొప్పక మూల పోగేశాను, తూకం వేస్తే బండి కన్నా తుప్పే ఎక్కువ బరువుంది. ఇక దీన్లో కోళ్లు కాపురం ఉండేవని చెప్పానా? అన్నీ దిగాయి గానీ స్టీరింగ్ ముందు కూర్చున్న కోడి మాత్రం దిగనంది. ఉండమన్నాను. ఇంటిదాకా అదే స్టీరింగ్ తిప్పింది, నేను వెనకనుంచి తోశాను. లేన్ మారేటప్పుడు మాత్రం నేను చెయ్యి చూపించాల్సి వచ్చింది, దానికి రెక్క అంత బాగా లేవలేదు.

సరే, ఇంజన్. ఎనిమిది సిలిండర్లది. కొత్తది కొంటే అది సంప్రదాయం కాదు, పాతది పాతకాలానిదే ఉండాలి. ఒక సరస్సులో మునిగిపోయిన మోటారు పడవలో ఉందని తెలిసి, ఊపిరి బిగబట్టి దిగాను. అడుగున కూర్చుని బోల్టులన్నీ విప్పుకుని, సాయంత్రానికి పైకొచ్చాను."

"ఊపిరి?" అన్నారు మీ నాన్న.

"మధ్యాహ్నం ఒకసారి వచ్చి పీల్చుకెళ్లాన్లే. తెచ్చి బిగించాను. జనవరి నెల, మోకాళ్ల లోతు మంచు. కీ తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వేడికి వీధి వీధంతా మంచు కరిగి గడ్డి మొలిచింది. ఎదురింటాయన నిక్కరేసుకుని లాన్ కొయ్యడానికి మెషిన్ బయటికి తీశాడు."

"ఎదురింట్ల ఉండేది నేనే గదన్నా" అన్నాడు శ్యామ్‌సుందర్ అంకుల్.

"నువ్వు కొనకముందు. ఆ గడ్డి చూసే నువ్వు కొన్నావు. మధ్యలో మాట్లాడకు. ఇంజన్ పలికింది కదా, కొత్త బండిని ఒకసారి రోడ్డు మీద చూసుకోవాలి కదా, ఊరికే పక్కనున్న ఆన్ ఆర్బర్ దాకా వెళ్లొద్దామని తీశాను. పొద్దున తొమ్మిదైంది. జాక్సన్ దగ్గర తెలిసింది ఆన్ ఆర్బర్ దాటిపోయిందని. అక్కడే పెట్రోలు అయిపోయింది. చుట్టూ మంచు, మనిషి లేడు. చేతిలో ఏముంది? ఈవిడ కట్టిన లంచ్ బాక్సు. పెరుగన్నం, ఆవకాయ. ఆవకాయ మీద తేరిన నూనె ఉందే, దాన్ని చెంచాతో జాగ్రత్తగా తీసి మూడు కార్బురేటర్లలోనూ తలా కాస్త పోశాను."

"ఆ ఏడాది నేను ఆవకాయే పెట్టలేదు" అంది జ్ఞానప్రసూన ఆంటీ, టీ వడకడుతూ.

"పాతదే. పాత ఆవకాయకే పవరు. బండికి ఒక్కసారి పొలమారింది, దగ్గింది, కళ్లల్లో నీళ్లు, అంటే హెడ్‌లైట్లలో, ఇక చూసుకోండి. స్పీడోమీటర్ ముల్లు గుండ్రంగా తిరిగి తిరిగి అలిసిపోయి ఊడి నా ఒళ్లో పడింది. వెనక వచ్చే ట్రక్కులవాళ్లు ఆ వాసనకి ఎక్కడికి వెళ్లాలో మర్చిపోయి నా వెంట పడ్డారు. ఒక పోలీసు స్పీడు కొలిచే గన్ ఎత్తాడు. ఎత్తేసరికి నేను లేను, రోడ్డు పక్క చెట్టు స్పీడు పడింది. 'సార్, చెట్టుకి టికెట్ రాశాను, మీకేం భయం లేదు' అన్నాడు."

"మీరు దాటిపోయారు కదండీ, మీతో ఎలా అన్నాడు?" మీ నాన్న.

"తిరిగి వచ్చేటప్పుడు అన్నాడు. నీ వాటం చూశావా, రామమోహన్? నేను ఇంకా వెళ్తుంటే నువ్వు అప్పుడే వచ్చేయమంటున్నావు. రోడ్డు మీద ఆ ట్రక్కుల అడ్డం ఎక్కువైంది. షికాగోకీ మనకీ మధ్యనున్న లేక్ మిషిగన్ ఆ చివరి నుంచి ఈ చివరికి గడ్డకట్టి ఉంది. దించేశాను. బరువుకి ఐసు పగిలింది, పగలక ఏం చేస్తుంది, కానీ వెనకాలే పగిలింది. పగులు నన్ను తరుముతోంది, నేను దొరకను. సగం సరస్సు దాటాక అదే విసుగొచ్చి ఆగిపోయింది. షికాగోలో ఒడ్డెక్కి గడియారం చూద్దును గదా, ఎనిమిదీ ఇరవై."

"అక్కడ టైము మనకన్నా గంట వెనకండీ" అన్నారు మీ నాన్న మెల్లగా.

"అది మామూలుగా వెళ్లేవాళ్లకి. నేను వెళ్లేసరికి వాళ్లింకా నిన్నటి క్యాలెండరు కాగితం చింపలేదు. మనవాళ్ల హోటళ్లుండే డెవాన్ వీధిలో ఇడ్లీ తిన్నాను. రెండో ప్లేటులో ఉండగా తలుపు తోసుకుని ఎవరో రొప్పుతూ వచ్చారు. చూస్తే నా నీడ. నోవైలో బయల్దేరినప్పుడు వెనకపడిపోయింది పాపం. దానికీ ఒక ప్లేటు చెప్పి, బిల్లు కట్టి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెనక్కి తిప్పాను. దారిలో కలమజూ ఊరు దాటానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా ఇలాంటిదే ఎర్ర రోడ్‌స్టర్ వస్తోంది. ఇంకొకడు కూడా కట్టాడా అని చూశాను. నడిపేది నేనే. పొద్దున వెళ్తున్న నేను. చెయ్యి ఊపాను. వాడు తలైనా తిప్పలేదు. డ్రైవ్ చేసేటప్పుడు నాకంత ఏకాగ్రత.

వచ్చి ఇక్కడ పెట్టాను, ఇదిగో, ఇక్కడే. ఆ రోజు నుంచి కదపలేదు, ఇంజన్ చల్లారనివ్వాలి కదా. ఇది నడిచిందనడానికి ఇంకేం కావాలి మీకు? ఇక్కడ సంతకం."

శ్యామ్‌సుందర్ అంకుల్ నవ్వుతూనే పెన్ను తీసుకున్నాడు. అది చేతిలోంచి జారి కారు కిందికి దొర్లింది. తీయడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు. ముందు చక్రాలు చూశాడు, మోకాళ్ల మీదే వెనక్కి పాకి వెనక చక్రాలు చూశాడు. లేచినప్పుడు నవ్వు లేదు.

"అన్నా, ఒక్క డౌటు. షికాగో పోయేటప్పుడు నిమ్మకాయలు తీసి పోయినవా? వచ్చినంక మళ్ల ఎక్కడివక్కడ పెట్టినవా?"

మీ నాన్న టార్చి వేశారు. కొత్త బండికి పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం కదా, తొక్కించి బయల్దేరతాం. ఆ కారు నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు, ఎండి నల్లబడి గోలీల్లా ఉన్నాయి. ఒక్కటీ చితకలేదు. చక్రానికి పెట్టిన పసుపు, కుంకుమ బొట్టు కూడా పైన పైనే ఉంది, కిందికి తిరగలేదు.

లక్ష్మీపతి గారు గుడ్డ తీసుకుని, మెరుస్తున్న హెడ్‌లైటునే మళ్లీ తుడవడం మొదలుపెట్టారు.  ఆంటీయే చెప్పింది. చక్రాలు బిగించిన ఏడాది, అంటే అప్పటికి ఆరేళ్ల కింద, గుడి నుంచి పంతులుగారు వచ్చారట. బండికి ఇంజన్ లేదే అంటే, ముహూర్తం ఉంది కదా, ఇంజన్ తర్వాత వస్తుంది, ముహూర్తం తర్వాత రాదు అని ఈయనే పూజ చేయించారట. ఇంజన్ వచ్చి కూడా రెండేళ్లయింది. కీ తిప్పమంటే రోజూ రేపంటారు.

"తిప్పాక స్టార్ట్ కాకపోతే," అన్నారాయన, మాతో కాదు, స్టీరింగ్ వైపు చూస్తూ, "మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నేనెక్కడికి వెళ్లాలి?"

 నాకు ఒక్కటే తోచింది. పెట్టిన నిమ్మకాయలు తొక్కించకుండా వదిలేయడం మంచిది కాదని, ఆరేళ్లుగా పూజ సగంలో ఆగిపోయిందని, కడుపుతో ఉన్నదాన్ని అడుగుతున్నానని, నాకోసం ఆ ఒక్కటీ పూర్తి చేయమని అన్నాను. నిజంగా భయమేసే అన్నాను. ఆయన నా వంక చూసి, చొక్కా సర్దుకుని, కారెక్కారు.

కీ తిప్పితే ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. బ్యాటరీలో పస లేదు. మీ నాన్న, శ్యామ్‌సుందర్ అంకుల్ వెనక చేరి తోశారు. నిమ్మకాయలు నాలుగూ పిస్తా పప్పు గుల్లల్లా పటపటమని పగిలాయి. ఇంకొంచెం తోయగానే ఆయన క్లచ్ వదిలారు. ఇంజన్ ఒక్క అరుపు అరిచింది. షెడ్డంతా పొగ. నేను పొట్ట మీద చేతులు పెట్టుకుని తలుపు బయటికి పరిగెత్తాను. బండి తనంతట తను తలుపు దాటింది, పెరట్లో పిట్టల కోసం పెట్టిన నీళ్ల తొట్టి మీదికి పోతోంది. అప్పుడు ఆయన బ్రేకు తొక్కారు. ఇరవై ఏడేళ్ల అనుభవం ఊరికే పోలేదు. తొట్టికి జానెడు దూరంలో ఆగింది, లోపల నీళ్లు కూడా తొణకలేదు. ఇంజన్ కూడా ఆగిపోయింది, ఆ రోజుకి మళ్లీ స్టార్ట్ కాలేదు.

నేను టేపు అడిగి తీసుకున్నాను. మీ నాన్న ఒక కొస పట్టుకున్నారు, రెండుసార్లు కొలిచాం. నా కాగితం మీద ఇలా రాసి సంతకం పెట్టాను: ఈ కారు నడవగా చూశాను. దూరం పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. అందులో మొదటి ఆరడుగులు తోశారు, మిగతాది అదే నడిచింది. శ్యామ్‌సుందర్ అంకుల్ తన కాగితం మీద షికాగో దాకా అని రాశాడు.

సోమవారం అసోసియేషన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. రెండు కాగితాలూ చదివి, ఈ రెండిట్లో దేన్ని నమ్మాలి అని నన్నడిగింది. నాది నమ్మండి, అతనిది వినండి అన్నాను. ఆవిడ లక్ష్మీపతి గారి దగ్గరికి వెళ్లి కూర్చుంది, కోడి దగ్గర మొదలైంది కథ, వెళ్లేసరికి చీకటిపడింది. ట్రక్కు రాలేదు. మర్నాడు ఎనిమిదింటికి ఆయన టక్ చేసుకుని షెడ్డులోకి వెళ్లడం వంటింటి కిటికీలోంచి చూశాను. రెండో గేరు పని మిగిలి ఉందట.

ఇప్పుడు మీరిద్దరూ వేరే ఊళ్ల పిల్లలతో స్నేహాలు చేస్తున్నారు, రేపు ఎక్కడెక్కడ ఉంటారో. ఎక్కడున్నా, నలుగురు కూర్చున్నచోట ఈ కథ చెప్పండి. షికాగో వరకూ మీ ఇష్టం, నీడకి మూడు ప్లేట్లు తినిపించినా నేనేమీ అనుకోను. పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు మాత్రం మార్చకండి. దాని కింద నా సంతకం ఉంది.