అన్న అంటే ఎవరు

సూరత్, 1994. కోర్టు వరండా. చేతులకు బేడీలతోని కాలేజి పిలగాడు ఉమాకాంత్, వాని ముంగట రొట్టె మూట పట్టుకొని తల్లి ఎల్లవ్వ. కన్నతల్లి మీదనే మనసు ఇరిగి కూసున్నడు పిలగాడు.

“తినను. తీస్కపో.”

“జొన్నరొట్టె బిడ్డా, నీకిష్టమని...”

“తిననంటున్న గద! నీ చేతి బువ్వ నాకొద్దు.”

“గంత మాటంటివేందిరా? నేనేం జేసిన?”

“ఏం జేసినవా? నా కొడుకు నక్సలైట్లకు బువ్వ పెట్టిండని పోలీసోళ్లకు చెప్పినవ్ గద. నిన్న వకీలు కాయితం సూపిచ్చిండు. గుజరాతీల ఉన్నది, నేనే సదివిన. కింద నీ ఏలిముద్ర.”

“నక్సలైట్లా? నా నోట ఆ మాటే రాలే, దేవుని తోడు!”

“మరేం జెప్పినవ్?”

“ఉన్నదే చెప్పిన. ‘నర్సింగాన్ని అన్న తోల్కచ్చిండు. మనూరోడు, కార్ఖానల పని దొరికేదాక మీ ఇంట్ల ఉంటడన్నడు. నా కొడుకు ఇంత బువ్వ పెట్టిండు.’ గంతే.”

“అన్న?”

“అన్ననే. నాకెంతమంది అన్నలున్నర్రా? మీ రాజమౌళి మామనే.”

“అవ్వా... కాయితంల ఏమున్నదో ఎర్కేనా? ‘నర్సింగాన్ని అన్నలు పంపిండ్రు. అన్నలంటే మా దిక్కు నక్సలైట్లు. నా కొడుక్కు అంతా ఎర్కే.’”

“అన్నలా? నేనన్నది అన్న! ఒక్క అన్న! నా తోడబుట్టినోడు!”

“నీకు గుజరాతీ రాదు గద. నీ మాట వాళ్లకెవరు చెప్పిండ్రు?”

“ఎవరు చెప్తరు... అన్ననే. నా పక్కన కూసొని.”

“ఇప్పుడు సమజైందా?”

“గట్ల సూడకురా. మా అన్న అసొంటోడు కాదు. వాళ్లే తప్పు రాసుకున్నరు. అగో, వస్తుండు. అన్నా! జర ఇటు రా!”

“ఏందే చెల్లె, గిట్ల ఒర్రుతున్నవ్? కోర్టు ఇది. ఏరా అల్లుడా, తిన్నవా?”

“మామా, అవ్వ ‘అన్న’ అన్నది. నువ్వు ‘అన్నలు’ అని ఎందుకు చెప్పినవ్?”

“నేనేడ... వాళ్లే గట్ల... ఒరే, ఠాణాల లొల్లి నీకేం తెలుసురా?”

“‘నా కొడుక్కు అంతా ఎర్కే’ అని గూడ వాళ్లే అన్నరా?”

“మెల్లగ. జవాను సూస్తుండు.”

“అన్నా, నా మొకం సూసి చెప్పు.”

“ఏం చెప్పాలెనే! నా పేరొస్తే పోలీసోళ్లు నన్ను ఏసుకపోతుండ్రి. సేఠ్ మల్ల కార్ఖాన గడప తొక్కనిస్తడా? నాకు ముగ్గురు పిల్లలు. ఈడు సదువుకున్నోడు, పెండ్లి గాలే, పెండ్లాం లేదు. ఎన్నడో ఒకనాడు ఇడుస్తరు.”

“టాడా కేసు మామా! బెయిలే దొరకదు. ఆ నర్సింగడు పారిపోయె, దొరికింది నేను. ‘మనోడేరా, జర అర్సుకో’ అని నా భుజం మీద చెయ్యేసి చెప్పింది ఎవరు? నువ్వు గాదా?”

“వాడు గసొంటోడని నాకు తెల్సా?”

“నాకు తెల్సా మరి?”

“ఈనికి పేరు పెట్టింది నువ్వేనాయె అన్నా. ఎత్తుకొని గల్లీ గల్లీ తిప్పితివి. నీకు చేతులెట్ల వచ్చినయే?”

“ఏడ్వకు చెల్లె. అగో, నీ పేరే పిలుస్తుండ్రు. లోపల నేనే పక్కన నిలబడి నీ మాట చెప్తా, జడ్జి సాబు ఒప్పుకున్నడు. ‘అన్న అంటే ఎవరు’ అనడుగుతరు. తెల్వదను. ఇంక నేను సూసుకుంట.”

“వద్దవ్వా! ఈయన్ని నిలబెట్టుకోకు. మల్ల నీ మాటను ఇంకో మాట చేస్తడు!”

“మరెవర్ని తెస్తవ్రా? ఈ కోర్టుల తెలుగు ఎవనికొచ్చు? దీనికి హిందీ రాదాయె, గుజరాతీ రాదాయె.”

“రానీయ్ బిడ్డా. పక్కనే నిలబడనీయ్.”

“అవ్వా! నువ్వు గూడనా?”

“పద అన్నా. నాకు దగ్గరనే ఉండు. ఏలు వెట్టి సూపెట్టేతందుకు ఏ బాస కావాలె?”