అగ్గిపెట్టెలో మంజన్

బీరంగూడలో డాక్టర్ ఎల్సీ పళ్ల దవాఖానా. కుర్చీలో గడ్డపోతారం మందుల కంపెనీ కూలీ సమద్. ఎడమ దవడ బూరెలా ఉబ్బింది. పక్కనే అతని భార్య ఫరహత్.

"పీకేయుండ్రి మేడం. పీకితె అయిపాయె. రెండు గంటలకు నాకు షిఫ్టున్నది."

"పీకుడు తర్వాత, సమద్ భాయ్. నోరు జెర పెద్దగ తెరువుండ్రి. ఎన్ని దినాల సంది నొప్పి?"

"నాలుగు దినాలు."

"నాలుగు నెలలు డాక్టరమ్మా! రంజాన్ల ఖర్జూరం గూడ కొరకలే ఈయన."

"నువ్వు సప్పుడు జెయ్యకు ఫరహత్."

"ఎందుకు జెయ్యద్దు? దవాఖానకు పోదామంటె షిఫ్టు, షిఫ్టు. మా బిడ్డ రుమానాకు గూడ ఇదే పరేషాన్ డాక్టరమ్మా. ఆరేండ్ల పిల్ల, రాత్రంత చెంప పట్టుకొని ఏడ్చింది."

"మరి పాపను ఎందుకు తీస్కరాలే?"

"పొద్దుగాల్లనే జెర కన్నంటుకున్నది. మా అమ్మీ తాన పండవెట్టి వచ్చినం."

"పాలపండ్లే గద మేడం. ఊడిపోయేటియే."

"ఊడిపోయేటియని ఇడిసిపెడ్తె, కింద వచ్చే పన్ను గూడ ఖరాబైతది. రాత్రి పండుకునే ముందు పండ్లు తోముతదా?"

"చాక్లెట్ బుగ్గల పెట్టుకొని పండుకుంటది డాక్టరమ్మా."

"గదే మరి. రేపు తప్పకుండ... ఆగుండ్రి. సమద్ భాయ్, ఈడ చిగురు గిట్ల తెల్లగైందేంది? కాలినట్టున్నది. ఏం పెట్టినరు?"

"లవంగ నూనె."

"లవంగ నూనెకు తోలు గిట్ల పేరుకొని ఊడిరాదు."

"లవంగ నూనెనే మేడం."

"నూనె యాడిది? మంజన్ పెడ్తడు డాక్టరమ్మా, పండ్లపొడి. హకీం సాబ్ ఇచ్చిండంట. తెల్లగ, పిండి లెక్క. అగ్గిపెట్టెల దాసుకుంటడు. పెట్టంగనే నొప్పి బంద్."

"ఏ హకీం, సమద్ భాయ్?"

"సంగారెడ్డిల."

"నాకు పటాన్‌చెరు అన్నవు గద?"

"యాడైతేంది ఫరహత్! నీ ఫోన్ మోగుతుంది, సూడు."

"అమ్మీ... ఆఁ, ఈన్నే ఉన్నం. ఇంక లేవలేదా? పిలిస్తె పలుకుతలేదా? పండుకోనియ్యి అమ్మీ, రాత్రంత నిద్రలేదు పిల్లకు."

"సమద్ భాయ్, నా దిక్కు సూడుండ్రి. కూసున్న కాడికెల్లి మూడు మాట్ల తూగినరు. కంపెనీల ఏం పని మీది?"

"ప్యాకింగ్. డ్రమ్ములల్ల పొడి నింపుడు."

"ఏం పొడి?"

"నొప్పి గోలీలల్ల పడేది."

"అగ్గిపెట్టెల ఉన్నది గదేనా?"

"మెల్లగ మేడం, మెల్లగ. ఎవలన్న ఇంటె నౌకరి పోతది. గేటు కాడ జేబులన్ని ఎతుకుతరు. చేతి తొడుగు వేలుల పెట్టి తెచ్చిన. నేనొక్కన్నే గాదు, పన్ను నొస్తె అందరం గదే పెడ్తం. ఒక చిటికెడు. ఏం గాలే ఎవలికి."

"చిటికెడా! గోలీల అసలు మందు ఆవగింజంత, తక్కినదంత ఉట్టి పిండి. మీ చిటికెడంటె ఆరేడు గోలీలు భాయ్!"

"మేం మింగం మేడం. పంటి మీద పెట్టి, నొప్పి తగ్గంగనే ఉమ్మేస్తం."

"ఉమ్మేసినా ఇంత మత్తు ఎక్కింది! నొప్పి పోలే, మీకు తెలుస్తలేదు, గంతే. చీము దవడ దాటి మెడకు దిగుతుంది. అదే మింగితె నిద్రలనే ఊపిరి ఆగుతది. షిఫ్టు గిఫ్టు లేదు, ఇప్పుడే పెద్ద దవాఖానకు పోవాలె."

"మంజన్ అన్నవు గద... రుమానా అబ్బా, మంజన్ అని చెప్పినవు గద నాకు?"

"కంపెనీ మాల్ అంటె నువ్వు భయపడ్తవని అట్ల అన్న. ఏమాయె ఇప్పుడు? యాడికి ఉరుకుతున్నవు?"

"ఫరహత్ అమ్మా, ఏమైంది? కూసోండ్రి, ముందుగాల కూసోండ్రి."

"పిల్ల ఏడ్పు సూడలేకపోయిన డాక్టరమ్మా. పొద్దుగాల్ల అగ్గిపెట్టె తీసిన. చేదుందని మూతి తిప్పుకున్నది. ఉన్నదంత శక్కరల కలిపి తినిపిచ్చిన... ఉమ్మేయాలని నాకెవలు చెప్పిన్రు?"