నాగమ్మత్త విన్న ఇంగ్లీషు నవల

— నాయనమ్మా, మా ఎమ్మేలో ఉన్న ఈ ఇంగ్లీషు నవలాకారుణ్ణి నువ్వు కూడా చదివావంటగా? ఫోన్‌లో రికార్డింగ్ పెట్టా, చెప్పు.

చదవడం ఏందే, ఆయన వల్ల పరీక్ష తప్పాను. విక్టోరియా రాణి కాలం మనిషి గదా, ఒక్కో వాక్యం నకరికల్లులో మొదలైతే నరసరావుపేటలో గానీ ఆగదు. అప్పుడు నేను పేట కాలేజీలో బీఏ. బస్సుకి ముప్పావలా... కాదు కాదు, అర్ధరూపాయి, ముప్పావలా తర్వాతయింది. అన్నీ పాసయ్యా, ఇంగ్లీషు తప్ప. మా నాన్న తిట్టలా. సెప్టెంబరులో ఇంకోసారి రాయి, అదీ పోతే కాలేజీ మానేసి చేలోకి వచ్చెయ్ అన్నాడు. ఆయన మాటంటే మాటే.

ఆ శ్రావణంలో పత్తి చేలో కలుపు తీసే ఆడవాళ్ల దగ్గర నన్ను ఉంచాడు. గట్టు మీద కూర్చుని నవలా, డిక్షనరీ ముందేసుకుని తంటాలు పడతన్నా. నాగమ్మత్తని ఒకామె పనికొచ్చేది, చుట్టమేం కాదులే, అట్టా పిలిచేవాళ్లం. చదువు రాదు. అంత పుస్తకంలో ఏముందమ్మాయ్ అంది. అమ్మానాన్నా లేని పిల్ల, మిల్లులో పనికి పెడితే పడ్డ కష్టాలు, అన్నీ చెప్పా. వాళ్ల చేతులు ఆగలా గానీ చెవులన్నీ నా వైపే. ఇంక మర్నాటి నుంచి, సద్దులు విప్పారంటే నేను చెప్పాల్సిందే.

ఒకరోజు ఆ పిల్ల జొరమొచ్చి చచ్చిపోయిందని చెప్పా. నాగమ్మత్త తల అడ్డంగా ఊపింది.

"నువ్వు సరిగ్గా చదవలా అమ్మాయ్. మొదట్లో ఒక ముసలాయన ఆ పిల్లని, మీ అమ్మ పేరేందని అడిగాడుగా. ఊరికే అడుగుతాడా? ఆ సంగతి తేలకుండా పిల్ల చావదు."

నాకు మండింది. బీఏ చదివేది నేనా, నువ్వా? అన్లా, మనసులోనే. ఇంటికెళ్లి ఆ నాలుగు పేజీలూ మాట మాటకీ డిక్షనరీ చూశా. చచ్చిపోయింది పక్క మంచం పిల్ల. మన పిల్ల బతికే ఉంది. ఆ ముసలాయన దానికి సొంత తాత. చానా సిగ్గేసిందనుకో. పొద్దున్నే పోయి ఒప్పుకున్నా. నాగమ్మత్త గొప్పలేం పోలా, మరి ఆ మిల్లోడి సంగతేంది అని అడిగింది.

సెప్టెంబరు పరీక్షలో ఆ ముసలాయన గురించే ఇచ్చారు. ఆరు పేజీలు రాశా. పాసయ్యా, తర్వాత రెంటచింతలలో టీచరుద్యోగం, అబ్బ, ఆ ఎండలు... అది వేరే కథలే.

ఏం చెప్తన్నా? ఆ, రిజల్టు. అప్పటికి పత్తి తీతలు మొదలైనయ్. చేలోకి పోయి చెప్తే నాగమ్మత్త తెగ సంతోషపడి, ఆయన్ని ఇంకోటి రాయమను అంది. ఆయన పోయి వందేళ్లు దాటింది అత్తా అన్నా. చేతిలో పత్తి నడుముకి కట్టుకున్న ఒడిలో వేసుకుని అట్టా నిలబడిపోయింది.

"పిల్లలున్నారా ఆయనకి?" అంది.

చానామందే ఉన్నారని చెప్పా. అప్పుడు గానీ మళ్లీ సాలులోకి నడవలా.

ప్రభావం ప్రభావమని మీ పుస్తకాల్లో రాస్తారే, నేను చూసింది అదే తల్లీ. నువ్వు చల్లగా ఉండు. పెద్ద పెద్ద మాటలు రాయి, కాదన్లా. నీ మాట అట్టా చెవిపెట్టి వినేవాళ్లు, తప్పయితే తప్పని చెప్పేవాళ్లు, నీకూ దొరకాలి...